నొక్కండి, ఆగండి, మాట్లాడండి



ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని విమానాలకు దారి చూపించే వ్యాపకం ఒకటుంది. నిజం విమానాలకు కాదు. సిమ్యులేటర్ పెట్టుకుని ఎవరి ఇంట్లో వాళ్లు నడుపుకునే విమానాలకు. కొచ్చిలో ఒకాయన తన గదిలో కూర్చుని విమానం నడుపుతుంటారు. దుబాయ్‌లో ఒకావిడ ఇంకో విమానం నడుపుతుంటారు. ఇద్దరూ శంషాబాద్ విమానాశ్రయం వైపే వస్తుంటారు. ఇక్కడ హైదరాబాద్‌లో ఒక కాలేజీ కుర్రాడు టవర్ కంట్రోలర్‌గా కూర్చుంటాడు. ముందు ఎవరు దిగాలో, ఎవరు కాసేపు ఆగాలో మైకులో చెబుతుంటాడు. అంతా ఇంటర్నెట్ మీదే. అంతా నోటి మాటతోనే.

దీనికి ప్రపంచమంతా వాడే నెట్‌వర్కులున్నాయి. వాటిలో ఐవీఏఓ 1998లో మొదలైంది. వాట్‌సిమ్ 2001లో వచ్చింది. రెండూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ల చేతుల మీద నడిచేవే. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. వాట్‌సిమ్‌లో అయితే 13 ఏళ్లు నిండి ఉండాలి. కంట్రోలర్ కావాలంటే మాత్రం శిక్షణ తీసుకోవాలి, పరీక్ష రాయాలి. ముందు నేల మీద విమానాలను నడిపించే గ్రౌండ్, తర్వాత రన్‌వేను చూసుకునే టవర్, ఆ పైన విమానాశ్రయం దగ్గరి ఆకాశాన్ని చూసే అప్రోచ్, దూరపు ఆకాశాన్ని చూసే సెంటర్. ఒక్కో మెట్టూ ఎక్కాలి. వినోదమే అయినా ఎంతో నిష్ఠగా చేస్తారు. అందుకే నాకు ఈ వ్యాపకమంటే గౌరవం.

ఇందులోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "ఏ హెడ్‌సెట్ కొనమంటారు సార్?" అని. దాని వెనకే రెండో ప్రశ్న. "మాట్లాడే బటన్ ఏది పెట్టుకోవాలి?" ఈ రోజు ఈ రెండింటి గురించే మాట్లాడుకుందాం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. హెడ్‌సెట్ కొనేటప్పుడు మనకు ఎంత బాగా వినిపిస్తుందని చూడకండి. మన మాట అవతలివాళ్లకు ఎంత స్పష్టంగా చేరుతుందని చూడండి. డబ్బు పెట్టాల్సింది మైకు మీద, బటన్ మీద. చెవుల మీద కాదు.

ఎందుకలా అంటున్నానో చెబుతాను.

మనం ఫోనులో మాట్లాడుకునేటప్పుడు ఇద్దరం ఒకేసారి మాట్లాడినా ఏదో ఒకటి అర్థమవుతుంది. విమానాల రేడియోలో అలా కుదరదు. ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒక్కసారి ఒక్కరే మాట్లాడాలి. మిగతా అందరూ వినాలి. ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతుండగా ఇంకొకరు కూడా నొక్కారనుకోండి. ఇద్దరి మాటా పోతుంది. వినేవాళ్ల చెవిలో కీచుమని ఒక చప్పుడు మాత్రం మిగులుతుంది.

వాట్‌సిమ్ వాళ్లు 2019 అక్టోబరులో కొత్త వాయిస్ వ్యవస్థ తెచ్చారు. అచ్చం నిజం రేడియోలాగే ఉండాలన్నది వాళ్ల ఆలోచన. దూరం పెరిగేకొద్దీ గొంతు బలహీనపడుతుంది. విమానం మరీ కిందికి దిగిపోతే దూరంగా ఉన్న స్టేషన్‌కు వినిపించదు. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇందాక చెప్పిన కీచు శబ్దం ఇక్కడా వస్తుంది. ఆ వ్యవస్థ మన గొంతును కూడా వడగట్టి, రేడియో గొంతులా మార్చి వినిపిస్తుంది.

ఈ వడగట్టడం అన్న విషయం దగ్గర కాసేపు ఆగుదాం. హెడ్‌సెట్ పెట్టె మీద 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా అని రాసి ఉంటుంది. పాటలకు అది కావాలి. మృదంగం దరువు వినాలన్నా, వయొలిన్ సన్నని స్వరం వినాలన్నా ఆ వెడల్పు అవసరమే. కానీ పాత టెలిఫోన్ ఎంత మోసుకెళ్లేదో తెలుసా? 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా మాత్రమే. విమానాల రేడియో కూడా ఇంచుమించు అంతే. మనిషి మాట అర్థం కావడానికి ఆ మాత్రం చాలు. మిగతాదంతా దారిలోనే రాలిపోతుంది. అంటే మీరు రేడియో స్టేషన్లో వాడే ఖరీదైన స్టూడియో మైకు కొని పెట్టినా, అవతలి పైలట్‌కు దాని గొప్పతనం అందదు. పైగా ఆ మైకు గదిలోని ప్రతి చప్పుడునూ పట్టేస్తుంది. ఫ్యాను చప్పుడు, పక్కింటి టీవీ, వంటింట్లో మిక్సీ, వీధిలో కూరగాయల బండి కేక. అన్నీ శంషాబాద్ టవర్ గొంతుతో పాటు వెళ్లిపోతాయి.

కాబట్టి కావలసింది ఎలాంటి మైకు? నోటి దగ్గరిదాకా వచ్చే సన్నని కాడ మీద ఉన్న చిన్న మైకు. బూమ్ మైక్ అంటారు. ముందు వైపు నుంచి వచ్చే మాటనే ఎక్కువగా పట్టేది, వెనకా పక్కలా వచ్చే చప్పుళ్లను తగ్గించేది. దాని మీద చిన్న స్పాంజి తొడుగు ఉండాలి. కాడను కావలసిన చోటికి వంచుకోవడానికి వీలుండాలి.

ఇవన్నీ ఉన్న హెడ్‌సెట్ ఎక్కడ దొరుకుతుందో తెలుసా? కాల్ సెంటర్లలో వాడేవాళ్ల తల మీద. మాదాపూర్ ఆఫీసుల్లో రోజంతా మాట్లాడేవాళ్లు పెట్టుకునే మామూలు యూఎస్‌బీ హెడ్‌సెట్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. అది తయారైందే మాట కోసం. రంగురంగుల లైట్లు వెలిగే గేమింగ్ హెడ్‌సెట్ కంటే బరువు తక్కువ. చాలాసార్లు ధర కూడా తక్కువే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి అడగండి. ఆఫీసు హెడ్‌సెట్ కావాలని అడగండి. గేమింగ్ హెడ్‌సెట్ చూపించబోతే వద్దనండి.

ఇక్కడ చిన్న చరిత్ర చెప్పాలనిపిస్తోంది. 1961లో అమెరికాలో కాలిఫోర్నియాలో ఇద్దరు పైలట్లు కలిసి ప్లాంట్రానిక్స్ అనే కంపెనీ పెట్టారు. అప్పటిదాకా వాడుతున్న హెడ్‌సెట్లు బరువుగా, ఇబ్బందిగా ఉండేవి. తేలికైన హెడ్‌సెట్ చేయాలన్నది వాళ్ల పట్టుదల. త్వరలోనే అమెరికా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు ఆ హెడ్‌సెట్లు పెట్టుకోవడం మొదలుపెట్టారు. 1969లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద నుంచి మాట్లాడింది కూడా ఆ కంపెనీ హెడ్‌సెట్‌తోనే. సంగీతం వినడానికి చేసిన వస్తువు కాదది. ఒక మనిషి మాట ఇంకో మనిషికి చెక్కుచెదరకుండా చేరాలని చేసిన వస్తువు. తర్వాత ఆఫీసుల్లోకి, కాల్ సెంటర్లలోకి వచ్చిన హెడ్‌సెట్లు ఆ దారిలోనివే. అందుకే కాల్ సెంటర్ హెడ్‌సెట్‌ను నేను చిన్నచూపు చూడను. మీరూ చూడకండి.

సరే, దుకాణానికి వెళ్లారు. అక్కడ మూడు రకాల వలలుంటాయి. జాగ్రత్తగా వినండి.

మొదటిది బ్లూటూత్. తీగ లేదు, మెడకు చుట్టుకోదు, హాయిగా ఉంటుంది. పాట విన్నంతసేపూ శబ్దం అద్భుతంగా ఉంటుంది. కానీ మైకు ఆన్ చేసిన మరుక్షణం ఏం జరుగుతుందో చూడండి. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ ఒకేసారి మంచి సంగీతమూ వినిపించి, మన మాటా మోసుకెళ్లలేదు. మైకు కోసం అది వేరే పద్ధతిలోకి మారిపోతుంది. ఆ పద్ధతి ఫోను మాటల కోసం పెట్టింది. వెంటనే మనకు వినిపించే శబ్దం నాణ్యత పడిపోతుంది. మన గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. అదొక్కటే కాదు. మాట కాస్త ఆలస్యంగా వెళ్తుంది. సెకనులో పదో వంతో, ఇంకాస్త ఎక్కువో. అంతేకదా అనుకోవచ్చు. కానీ అవతల పైలట్లు ఖాళీ కోసం కాచుకుని ఉంటారు. మీరు మాట మొదలుపెట్టారని వాళ్లకు తెలిసేలోపే వాళ్లూ బటన్ నొక్కేస్తారు. కీచుమంటుంది. కాబట్టి కంట్రోలర్‌గా కూర్చునేవాళ్లు తీగ ఉన్న హెడ్‌సెట్టే తీసుకోండి. మళ్లీ చెబుతున్నాను. తీగ ఉన్నదే తీసుకోండి.

రెండోది నాయిస్ క్యాన్సిలేషన్ అన్న మాట. పెట్టె మీద ఈ మాట పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది ఎవరికి నాయిస్ తగ్గిస్తుంది? చాలా హెడ్‌సెట్లలో మీ చెవికి తగ్గిస్తుంది. మీ గదిలో చప్పుడు మీకు వినిపించకుండా చేస్తుంది. అవతలి పైలట్‌కు మాత్రం మీ వంటింటి కుక్కర్ విజిల్ యథాతథంగా వినిపిస్తూనే ఉంటుంది. మీకు వినిపించదు కాబట్టి, అతనికి వినిపిస్తోందని మీకు తెలియను కూడా తెలియదు. మనకు కావలసింది మైకు వైపు చప్పుడు తగ్గించేది. దుకాణంలో సూటిగా అడగండి. "ఇది మైకుకా, చెవికా?" అని. ఆ ఒక్క ప్రశ్నతో విషయం తేలిపోతుంది.

మూడోది నిజం పైలట్ల హెడ్‌సెట్. డేవిడ్ క్లార్క్ కంపెనీ ఆకుపచ్చ హెడ్‌సెట్‌ను సినిమాల్లో మీరు చూసే ఉంటారు. దాని మీద మనసు పడని వాళ్లుండరు. కానీ అది చిన్న ప్రొపెల్లర్ విమానంలో ఇంజిన్ రొద తట్టుకోవడానికి చేసింది. మన పడగ్గదిలో ఆ రొద లేదు. పైగా దాని తీగ చివర రెండు ప్లగ్గులుంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. రెండూ కంప్యూటర్‌లో పట్టవు. ఆ మైకుకు కావలసినంత విద్యుత్తును కంప్యూటర్ జాక్ ఇవ్వదు. మధ్యలో వేరే అడాప్టర్ పెట్టాలి. ఆ డబ్బుతో మంచి కుర్చీ కొనుక్కోవచ్చు.

ప్లగ్గుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు చాలావాటికి చెవికీ మైకుకూ కలిపి ఒక్కటే గుండ్రటి రంధ్రం ఉంటుంది. డెస్క్‌టాప్‌లకు రెండుంటాయి, ఆకుపచ్చది వినడానికి, గులాబీ రంగుది మైకుకు. ఒకదానికి చేసిన హెడ్‌సెట్ రెండోదానికి నేరుగా సరిపోదు. యూఎస్‌బీది తీసుకుంటే ఈ తంటా ఉండదు.

హెడ్‌సెట్ ఇంటికి వచ్చింది. ఇప్పుడు మైకు ఎక్కడ పెట్టాలి? నోటికి ఎదురుగా వద్దు. పెదవుల మూల దగ్గర, రెండు వేళ్ల దూరంలో పెట్టండి. ఎదురుగా పెడితే, రేడియోలో పి, బి అక్షరాలకు బదులు వాడే పాపా, బ్రావో లాంటి మాటలు అన్నప్పుడల్లా గాలి మైకుకు కొట్టుకుని బుస్సుమంటుంది. సీలింగ్ ఫ్యాను సరిగ్గా నెత్తి మీద ఉంటే కుర్చీని ఒక అడుగు పక్కకు జరపండి. వేసవిలో ఫ్యాను ఆపమని నేను చెప్పను. చెప్పినా ఎవరూ ఆపరు.

ఇంకో సంగతి. చెవులు రెండూ మూసుకుపోతే మన గొంతు మనకే సరిగ్గా వినిపించదు. అప్పుడు తెలియకుండానే గట్టిగా అరుస్తాం. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి గొంతు దానంతట అదే పెరుగుతుందని వందేళ్ల కిందటే ఎతియెన్ లోంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు గమనించాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. పాత ల్యాండ్‌లైన్ ఫోనులో మన గొంతు మనకే కాస్త వినిపించేది. దాన్ని సైడ్‌టోన్ అంటారు. కొన్ని యూఎస్‌బీ హెడ్‌సెట్లలో ఇది ఉంటుంది. ఉంటే పెట్టుకోండి. లేకపోతే ఒక చెవి మాత్రమే మూసే హెడ్‌సెట్ తీసుకోండి. నిజం కంట్రోలర్లలోనూ చాలామంది ఒంటిచెవి హెడ్‌సెట్టే వాడతారు. రెండో చెవి పక్క కుర్చీలో ఉన్న సహోద్యోగి మాట కోసం. మీ ఇంట్లో అయితే ఆ చెవి అమ్మ పిలుపు కోసం.

ఇక బటన్ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో హెడ్‌సెట్ కంటే ఇదే ముఖ్యం.

బటన్ నొక్కితే మైకు తెరుచుకుంటుంది. వదిలితే మూసుకుంటుంది. దీన్ని పుష్ టు టాక్ అంటారు. మాట వినగానే దానంతట అదే తెరుచుకునే మైకు ఇక్కడ పనికిరాదు. తుమ్మినా తెరుచుకుంటుంది, తలుపు గొళ్లెం పడినా తెరుచుకుంటుంది. తెరుచుకున్నంతసేపూ ఆ ఫ్రీక్వెన్సీ మీద ఇంకెవరూ మాట్లాడలేరు.

మన ఇంట్లో రెండు రకాల స్విచ్చులుంటాయి. లైటు స్విచ్చు ఒకసారి వేస్తే అలాగే ఉంటుంది, మళ్లీ తీసేదాకా లైటు వెలుగుతూనే ఉంటుంది. కాలింగ్ బెల్ స్విచ్చు అలా కాదు. వేలు పెట్టినంతసేపే గంట మోగుతుంది. వేలు తీస్తే ఆగిపోతుంది. మన మాట్లాడే బటన్ కాలింగ్ బెల్ స్విచ్చులా ఉండాలి. లైటు స్విచ్చులా ఉండకూడదు. కాలి పెడల్ కొనేటప్పుడు దీన్ని తప్పకుండా చూసుకోండి. కొన్ని పెడళ్లు ఒకసారి తొక్కితే అలాగే పట్టుకుని ఉండిపోతాయి. అలాంటిది తెస్తే, మీరు మాట ముగించి మంచినీళ్లకు వెళ్లినా మైకు తెరిచే ఉంటుంది. ఆకాశంలో ఉన్న విమానాలన్నీ మీ గదిలో చప్పుళ్లు వింటూ ఉంటాయి. ఎవరూ నోరెత్తలేరు.

అందరి దగ్గరా ఉండే బటన్ కీబోర్డు మీదదే. ఖర్చు లేదు. మొదట దానితోనే మొదలుపెట్టండి. కానీ ఒక చిక్కుంది. కంట్రోలర్‌కు చేతులు ఖాళీగా ఉండవు. కుడి చెయ్యి మౌస్ మీద ఉంటుంది. ఎడమ చెయ్యి విమానానికి ఇచ్చిన ఎత్తు, రాడార్‌లో దాన్ని గుర్తుపట్టే స్క్వాక్ కోడ్ టైపు చేస్తుంటుంది. అదే సమయంలో మాట్లాడాలి. చాలామంది కంట్రోల్ కీని మాట్లాడే బటన్‌గా పెట్టుకుంటారు. దాన్ని నొక్కి ఉంచి ఏదైనా అక్షరం టైపు చేశారనుకోండి. కంప్యూటర్‌కు అది అక్షరం కాదు, ఒక ఆజ్ఞ. కొన్ని అక్షరాలతో తెర మీద తెరిచిన విండోలే మూసుకుపోతాయి. రద్దీ వేళ అది జరిగితే గుండె ఆగినంత పనవుతుంది. కాబట్టి టైపింగ్‌కు పనికిరాని, వేరే ఏ కీతోనూ కలిసి పనిచేయని కీ ఏదైనా ఎంచుకోండి.

అంతకంటే మంచి మార్గం, ఈ పనిని చేతుల నుంచి కాలికి అప్పగించడం. యూఎస్‌బీ కాలి పెడల్ ఒకటి కొని బల్ల కింద పెట్టుకోండి. చేతులు రెండూ స్వేచ్ఛగా ఉంటాయి. నిజం కంట్రోల్ గదుల్లో కూడా పెడళ్లుంటాయి. రెండు మూడు రోజులు కాలు తడబడుతుంది. ఆ తర్వాత కాలికి దానంతట అదే అలవాటైపోతుంది. పెడల్ నున్నటి గచ్చు మీద జారిపోకుండా కింద రబ్బరు చాప వేయండి.

కొనలేకపోతే? చేసుకోవచ్చు. ఇంట్లో పాడైపోయిన యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఉంటుంది. దాన్ని విప్పి, పనిచేసే ఒక బటన్ కింద ఉన్న రెండు కొనలకు రెండు తీగలు సోల్డర్ చేయండి. ఆ తీగల అవతలి కొనలు ఒక కొత్త కాలింగ్ బెల్ స్విచ్చుకు కలపండి. స్విచ్చును చెక్క ముక్క మీద బిగించండి. కంప్యూటర్‌కు అది గేమ్‌ప్యాడ్ బటన్‌లాగే కనిపిస్తుంది. వాయిస్ ప్రోగ్రాంలో దాన్నే మాట్లాడే బటన్‌గా ఎంచుకోండి. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే స్విచ్చు, తీగ, సోల్డర్ అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. ఇంటి కరెంటు తీగలతో దీనికి ఏ సంబంధమూ ఉండకూడదు. యూఎస్‌బీ నుంచి వచ్చే ఆ కొద్దిపాటి విద్యుత్తే చాలు. స్కూలు పిల్లలైతే పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని చేయండి.

ఇప్పుడు ఆ బటన్‌ను ఎలా వాడాలి? ఎంత మంచి బటన్ అయినా తొందరపడితే మాట తెగిపోతుంది. చాలామంది నొక్కడం, నోరు తెరవడం ఒకేసారి చేస్తారు. మొదటి అక్షరాలు పోతాయి. మాట ఇంకా నోట్లో ఉండగానే వదిలేస్తారు. చివరి అక్షరాలు పోతాయి.

పోతే ఏమవుతుంది? శంషాబాద్‌నే తీసుకోండి. అక్కడ రెండు రన్‌వేలు పక్కపక్కనే సమాంతరంగా ఉన్నాయి. ఒకటి జీరో నైన్ లెఫ్ట్, రెండోది జీరో నైన్ రైట్. "రన్‌వే జీరో నైన్ రైట్" అని చెబుతూ చివరి మాట పూర్తికాకముందే బటన్ వదిలారనుకోండి. పైలట్‌కు జీరో నైన్ అని మాత్రమే చేరుతుంది. లెఫ్టా, రైటా? అతను మళ్లీ అడగాలి. మీరు మళ్లీ చెప్పాలి. ఆ మధ్యలో ఇంకో ముగ్గురు మాట్లాడే అవకాశం కోసం చూస్తుంటారు. మొదట్లో తెగితే ఇంకో ఇబ్బంది. విమానం పేరే పోతుంది. ఆజ్ఞ ఎవరికో తెలియదు. పోలిక ఉన్న నంబరుతో ఇంకో విమానం ఉంటే, అది తనకే అనుకుంటుంది.

కాబట్టి ఇలా చేయండి. ముందు వినండి, ఎవరైనా మాట్లాడుతున్నారేమో. ఖాళీగా ఉంటే బటన్ పూర్తిగా నొక్కండి. ఒక్క క్షణం ఆగండి. అప్పుడు మాట్లాడండి. మాట పూర్తిగా నోట్లోంచి వచ్చాకే వదలండి. నొక్కండి, ఆగండి, మాట్లాడండి, ఆ తర్వాతే వదలండి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిజం పైలట్లకూ, కంట్రోలర్లకూ చెప్పేదీ ఇదే. స్విచ్చు పూర్తిగా నొక్కాకే మాట్లాడండి, సందేశం ముగిసేదాకా వదలకండి అంటుంది. గొంతు ఒకే స్థాయిలో ఉంచండి, నిమిషానికి 100 మాటలు దాటనివ్వకండి అని కూడా అంటుంది.

ఆట కదా, ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు నేను టెనెరిఫ్ గురించి చెబుతాను. 1977 మార్చి 27. స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల్లో టెనెరిఫ్ అనే దీవి. అక్కడి విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు పెద్ద బోయింగ్ 747లు. ఒకటి కేఎల్ఎం, ఇంకొకటి పాన్ యామ్. కేఎల్ఎం విమానం పైకి లేవడానికి పరుగు మొదలుపెట్టింది. పాన్ యామ్ ఇంకా రన్‌వే మీదే ఉంది. ఆ సమయంలో టవర్ కంట్రోలర్ కేఎల్ఎంను ఆగమన్నాడు, తాను పిలుస్తానన్నాడు. సరిగ్గా అప్పుడే పాన్ యామ్ సిబ్బంది, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామన్నారు. రెండు మాటలూ ఒకేసారి రేడియో మీదికి వచ్చాయి. కేఎల్ఎం కాక్‌పిట్‌లో ఆ మాటల మీద కీచు శబ్దం కమ్ముకుంది. ప్రమాదానికి ఇంకా చాలా కారణాలున్నాయి. కానీ ఆపగలిగే ఆ రెండు మాటలు చేరవలసిన చోటికి సరిగ్గా చేరలేదు. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో ఇన్ని ప్రాణాలు తీసిన ప్రమాదం ఇంకొకటి లేదు.

మన ఆన్‌లైన్ నెట్‌వర్కులో ఎవరి ప్రాణమూ పోదు. నిజమే. కానీ ఈ వ్యాపకంలో ఉన్న పిల్లల్లో కొందరు రేపు నిజం కాక్‌పిట్‌లో కూర్చుంటారు, నిజం టవర్లో కూర్చుంటారు. వేలికీ, కాలికీ ఇప్పుడు పడిన అలవాటే అప్పుడూ ఉంటుంది. అందుకే నేను ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకొక్క జాగ్రత్త. కంట్రోలర్లు పైలట్లతోనే కాదు, తమలో తాము కూడా మాట్లాడుకుంటారు. టవర్ వాళ్లు అప్రోచ్ వాళ్లతో, అప్రోచ్ వాళ్లు సెంటర్ వాళ్లతో. దానికి వేరే ప్రోగ్రాం, వేరే బటన్. ఈ రెండు బటన్లూ పక్కపక్కన పెట్టుకోకండి. పైలట్లతో మాట్లాడేది కాలికి ఇవ్వండి. తోటి కంట్రోలర్‌తో మాట్లాడేది చేతికి ఇవ్వండి. తెర మీద మీరు మాట్లాడుతున్నప్పుడు వెలిగే చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని ఎప్పుడూ కనిపించేలా పెట్టుకోండి. మీరు మౌనంగా ఉన్నా అది వెలుగుతోందంటే పెడల్ మీద కాలో, కీ మీద పుస్తకమో ఉందన్నమాట.

చెవుల సంగతి కూడా మరవకండి. ఒకసారి కూర్చుంటే రెండు మూడు గంటలు లేవని వ్యాపకమిది. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకైతే ఇంకా తక్కువ, 75 డెసిబెల్స్. మాట అర్థమయ్యేంత వాల్యూమ్ పెట్టుకుంటే చాలు. మన ఎండలకు తోలు లాంటి మెత్తలు చెమటకు అంటుకుపోతాయి. గుడ్డ మెత్తలో, స్పాంజివో తీసుకోండి. మధ్యలో లేచి కాసేపు చెవులకు గాలి తగలనివ్వండి.

ఇవన్నీ అమర్చుకున్నాక, మొదటిసారి ఫ్రీక్వెన్సీ మీదికి వెళ్లేముందు మీ గొంతు రికార్డు చేసుకుని వినండి. ఫ్యాను వేసి ఒకసారి, కుర్చీలో ఎప్పటిలా కూర్చుని ఒకసారి. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు ఇంగ్లీషులో చదవండి. ఫైవ్, నైన్ రెండూ వేరువేరుగా వినిపిస్తున్నాయా?  రేడియోలో తొమ్మిదిని నైనర్ అనీ, అయిదును ఫైఫ్ అనీ పలకమన్నది ఈ తేడా పోకూడదనే. మీ యాస తెలుగు యాస అయినా ఫర్వాలేదు. పైలట్లకు కావలసింది యాస కాదు, అంకె. తర్వాత ఆ రికార్డును ఈ వ్యాపకం తెలియని ఒకరికి వినిపించండి. అంకెలు వాళ్లను కాగితం మీద రాయమనండి. వాళ్లు తప్పు లేకుండా రాయగలిగితే మీ హెడ్‌సెట్ మంచిదే. దాని ధర ఎంతైనా సరే.

కొత్తగా చేరాలనుకునే పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు నాదొక విన్నపం. ముందే ఏదీ కొనకండి. ముందు నెట్‌వర్కులో చేరండి. అక్కడ పరిశీలకులుగా ఉండి ఊరికే వినవచ్చు. దానికి ఫోనుకు వాడే మామూలు ఇయర్‌ఫోన్ చాలు. కొన్నాళ్లు వినండి. ఎవరి మాట తేలికగా అర్థమవుతోందో, ఎవరిది అర్థం కావడం లేదో మీకే తెలుస్తుంది. స్పష్టంగా మాట్లాడే కంట్రోలర్ ఎవరైనా కనిపిస్తే, ఏ మైకు వాడుతున్నారో, ఏ బటన్ వాడుతున్నారో అడగండి. తప్పకుండా చెబుతారు. ఆ తర్వాత కొనండి. ముందు తీగ ఉన్న హెడ్‌సెట్. కొన్నాళ్లకు, డబ్బు కూడినప్పుడు, పెడల్.